బావను తీసేసిన ఆదివారం

ఆ మధ్య కొన్నాళ్ళు నా వెబ్‌సైట్‌లో ఏదీ బావుండలేదు. వినయం కొద్దీ అంటున్న మాట కాదిది. వినయానికీ నాకూ ముఖపరిచయం కూడా లేదని జగ్గయ్యపేట బస్టాండులో టీ కాచే మనిషి సైతం సాక్ష్యం చెబుతాడు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను: నూట పదిహేడు వ్యాసాలున్న నా సైటు మొత్తం జల్లెడ పట్టినా ‘బావుంది’ అనే మాట ఒక్కచోట కూడా దొరికేది కాదు. అంతకుముందు బోలెడు ఉండేవి. ఉప్మా బావుండేది, తొలకరి బావుండేది, మా బడి గంట మోగిన చప్పుడు కూడా బావుండేది. ఒక ఆదివారం పొద్దున, టిఫినుకీ స్నానానికీ మధ్య, ఒక్క మీట నొక్కి నేనే అన్నిటినీ ఊడ్చిపారేశాను. నిజానికి ఆ రోజు నేను తీసేయాలనుకున్నది వాటిని కాదు. మా బావని.

నేను జగ్గయ్యపేట దగ్గర ఒక ఊళ్ళో హైస్కూల్లో తెలుగు మాస్టారిని. ఇరవై ఆరేళ్ళుగా సంధులు విడదీస్తున్నాను, సమాసాలకు విగ్రహవాక్యాలు చెబుతున్నాను. సైటు సంగతి నాలుగేళ్ళ కిందటిది. ఆ వేసవి జగ్గయ్యపేటలో ఎండ ఎలా కాసిందంటే, సిమెంటు ఫ్యాక్టరీల్లో బట్టీలు ఆపేసి సున్నపురాయిని రోడ్డు మీద ఆరబోస్తే చాలుననిపించింది. సెలవుల్లో బయటికి అడుగుపెట్టలేక, ఫ్యాను కింద లాప్‌టాప్ ముందు కూర్చుని, నాకు నేనే ఒక సైటు కట్టుకున్నాను. ఎవరో ఉచితంగా ఇచ్చిన నమూనా తెచ్చి అందులో తెలుగు పోశాను. అది ఇంగ్లీషు అక్షరాలకి కొలిచి కుట్టిన చొక్కా. ఇంగ్లీషు అక్షరాలు బుద్ధిగా ఒకదాని పక్కన ఒకటి కూర్చుంటాయి. మనవి అలాకాదే! నెత్తిన గుడి, కాళ్ళ కింద వత్తు, పక్కన కొమ్ము. పై వరుసలో ‘స్వాతంత్ర్యం’ అని రాస్తే దాని వత్తులు కింది వరుసలో ‘కీర్తి’ గుడిని పొడిచి కూలదోసేవి. ఆ వరుసల మధ్య ఎడం పెంచే అంకె ఎక్కడుందో వెతకడానికి నాకు మూడు రోజులు పట్టింది. అమెరికా కనిపెట్టినాయన కూడా నేల కనబడగానే అంత పెద్ద కేక వేసి ఉండడు.

“ఏవండీ, పొద్దుట్నుంచీ కూర్చున్నారు, ఏం చేశారేంటి?” అంది మా ఆవిడ.

“వరుసల మధ్య ఎడం పెంచా.”

“ఆ ఎడమేదో బీరువాకీ గోడకీ మధ్య పెంచితే చీపురన్నా దూరేది.”

ఆవిడకేం తెలుసు! పేజీ రంగు లేతాకు పచ్చ చేసి, నచ్చక ఎండుమిరప ఎరుపు చేసి, కళ్ళు మండి మళ్ళీ తెలుపు చేసుకోవడంలో ఒక మనిషికి ఎంత రాజ్యం ఉంటుందో! బడిలో నల్లబల్ల జరపాలన్నా హెడ్మాస్టరు అనుమతి కావాలి. ఇక్కడ నేను చెప్పిన చోట గీత గీయబడుతుంది, నేను వద్దంటే చెరిగిపోతుంది. చూసినవాళ్ళని లెక్కబెట్టే కౌంటరు ఒకటి పెట్టుకున్నాను. మొదటి నెలలో నాలుగొందల మంది చూశారు. అందులో మూడొందల తొంభై మందిని నేనే.

మిగతా పదిమందిలో మా బావ ఒకరు. బావ అంటే మా అక్క భర్త. నందిగామలో కోర్టుకు పోయే దారిలో ఆయనకు టైపింగు షాపుంది. అర్జీలు, అఫిడవిట్లు, దస్తావేజులు కొడతారు. నాకు అక్షరాలు రాయడం బడి నేర్పితే, అక్షరాలు కొట్టడం ఆయన నేర్పారు. ఇంటర్ లెక్కల్లో నేను ఘనంగా తప్పినప్పుడు మా నాన్న నన్ను ఒక వేసవంతా నందిగామ పంపారు. బావ నన్ను తెలుగు టైపు మిషను ముందు కూర్చోబెట్టి, నా చేతుల మీద తువ్వాలు కప్పేవారు. “కళ్ళతో కాదయ్యా, వేళ్ళతో చూడు” అనేవారు. ఆ తువ్వాలు కింద నా వేళ్ళు ఎక్కని చెట్టు లేదు, పడని గొయ్యి లేదు. జూన్ నాటికి మాత్రం దారిన పడ్డాయి. సైటులో నేను రాసిన ప్రతి అక్షరమూ ఆ తువ్వాలు కిందినుంచి వచ్చిందే.

ఆ రోజుల్లోనే మొదలైంది ఒక పిచ్చి జోకు. వాళ్ళింటికి ఎప్పుడు వెళ్ళినా గుమ్మంలో నిలబడి “బావున్నారా?” అని కేకేసేవాణ్ణి. కులాసాగా ఉన్నారా అనీ అర్థమే, బావ ఇంట్లో ఉన్నారా అనీ అర్థమే. అకార సంధి. లోపల్నుంచి అక్క, “మేం బావున్నాం గానీ మీ బావే లేరు” అనేది. ముప్ఫై ఏళ్ళు వాడాం ఆ జోకుని. అరిగి, అంచులు పోయి, రూపాయి బిళ్ళలా నున్నబడినా మార్చలేదు. నా సైటు మొదటి పేజీలో, అన్నిటికన్నా పైన, బొటనవేలంత అక్షరాలతో ‘బావున్నారా?’ అని పెట్టుకున్నది అందుకే.

వ్యాసాల్లో కూడా బావే నాయకుడు. నా రాతల్లో మా బావ తుమ్మితే నందిగామ మొత్తానికి కరెంటు పోయేది. ఆయన టైపు కొడుతుంటే కోర్టు గోడ మీది పావురాలు బెదిరి లేచి మునేరు దాటి వాలేవి. ఆయన పెళ్ళిలో తిన్న లడ్లు వరసగా పేరిస్తే చిల్లకల్లు దాకా వచ్చేవి. ఇవన్నీ ఆయన చదివేవారు. మెచ్చుకోలు ఎప్పుడూ లేదు. వ్యాసం పెట్టిన సాయంత్రం ఫోను మోగేది. “మూడో పేరాలో ‘అర్థం’కి పొట్టలో చుక్క పళ్ళేదు. చూసుకో” అని పెట్టేసేవారు. ఆ ఒక్క ఫోను కోసం నేను కావాలని ఒక తప్పు వదిలేసిన వ్యాసాలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రాకుండా ఉండగలిగితే ఇంకో పది పేరాలు లడ్ల గురించే రాసేవాణ్ణి.

కొన్ని నెలల కిందట ఒక మధ్యాహ్నం నందిగామలో ఆయన షాపుకి వెళ్ళాను. గిరాకీ లేదు. టీ తెప్పించారు. గొంతు తగ్గించి చెప్పారు.

“పెనుగంచిప్రోలు నుంచి ఒక రైతు దస్తావేజు వచ్చిందయ్యా. పడమర హద్దు కాలువ. సాగర్ కాలువ. నేను దీర్ఘం కొట్టలా. కలువ అని పడింది.”

“కలువ పువ్వా?” అన్నాను.

“నవ్వమాకు. ప్లీడరు గుమస్తా చూసి పట్టుకున్నాడు గాబట్టి సరిపోయింది. రిజిస్ట్రేషన్ దాకా పోలా.” టీ పక్కన పెట్టారు. “వేళ్ళు కొడతానే ఉన్నయ్యి. తర్వాత చదివి చూసుకోవాలిగా, ఆ చూసుకోడం కుదరట్లా. తెరంతా పొగ పట్టినట్టుంటంది. దీర్ఘాలు అసలు ఆనట్లా. మీ అక్కకి చెప్పమాకు, కంగారు పడుద్ది.”

“చెప్పను బావా” అన్నాను.

మాట నిలబెట్టుకున్నాను. అక్కకి చెప్పలేదు. ప్రపంచానికి చెప్పాను.

తిరుగు బస్సులోనే ఆ వ్యాసం నా బుర్రలో తయారైపోయింది. కలువ పగలు ముడుచుకుంటుంది, వెన్నెల్లో విచ్చుకుంటుంది కదా; అంచేత ఆ రైతు పొలం పగలు రెండెకరాలు, పున్నమి నాడు మూడెకరాలు అని రాశాను. సర్వేయరు గొలుసు పక్కన పడేసి బంతిపూల దండతో కొలవాల్సొచ్చిందని రాశాను. తమనీ కక్షిదారులుగా చేర్చుకోమని తుమ్మెదలు ఇంప్లీడ్ పిటిషన్ వేశాయని రాశాను. అంతటితో ఆగినా పోయేది. మా బావ కళ్ళకి దీర్ఘాలు కనిపించడం మానేశాయనీ, ఆయన చేత ‘దీర్ఘాయువు’ టైపు చేయిస్తే వట్టి ఆయువే చేతికొస్తుందనీ రాశాను. పైగా పేజీ అడుగున ఒక గులాబీరంగు కలువ బొమ్మ పెట్టి, దాని మీద వేలు పెడితే అటూ ఇటూ ఊగేలా చేశాను. ఆ ఊపు కుదరడానికి రెండు రోజులు తంటాలు పడ్డాను. కుదిరాక, నా జన్మలో అంత సంతోషం మా పెద్దదాని పెళ్ళి కుదిరినప్పుడు కూడా కలగలేదు. ఈ మాట మా ఆవిడ చదవదని ఆశ.

కౌంటరు గిర్రున తిరిగింది. మూడు రోజుల్లో అంతమంది చూడటం చూసి, లాప్‌టాప్‌కి దిష్టి తగులుతుందని నేను నిజంగానే భయపడ్డాను. ఎవరో గుమస్తాల వాట్సాప్ గ్రూపులో పెట్టారట. వ్యాసం పెట్టిన సాయంత్రం మాత్రం బావ ఫోను రాలేదు. ఒక్క తప్పూ లేకుండా రాసేశానేమో అనుకున్నాను, చూశారా, అంత మురిపెం నాది!

నాలుగో రోజు అక్క ఫోను చేసింది.

“ఏరా, మీ బావకి చూపు ఆనట్లేదా?”

“ఎవరన్నారక్కా?” అన్నాను.

“పాలాయన అడిగాడురా నన్ను, సారుకి కళ్ళెట్టున్నయ్యమ్మా అని. ఊళ్ళో పాలుపోసే ఆయనకి తెలుసు, నాకు తెలవదు. ముప్ఫై ఏళ్ళు కంచంలో ముల్లు తీసి పెట్టినదాన్ని, నాకు తెలవదు.”

అక్క చెప్పిందాన్ని బట్టి నాకు మిగతాది అర్థమైంది. మొదట సరదాగానే మొదలైందట. షాపుకొచ్చిన వాళ్ళు, “సారూ, మా ఉత్తరం హద్దుకి మల్లెతీగ పెట్టండి, వాసన బావుంటది” అనేవాళ్ళట. బావ నవ్వి ఊరుకున్నారట. తర్వాత ఒక గుమస్తా వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా బావ కొట్టిన కాగితాన్ని చదవకుండా మడిచి జేబులో పెట్టుకుపోయే మనిషి. ఆ రోజు మాత్రం కౌంటరు దగ్గరే నిలబడి, వరసవరసనా పెన్ను పెట్టి, పెదాలు కదుపుతూ పేజీ మొత్తం చదువుకున్నాడట. తప్పేం లేదు. అయినా చదివాడు. ఆ మర్నాటినుంచి ఆయన పక్క షాపుకి వెళుతున్నాడట.

అదే రోజు సాయంత్రం బావ ఫోను చేశారు. ‘అర్థం’ పొట్టలో చుక్క గురించి కాదు.

“నన్ను తీసెయ్యి.”

“ఆ వ్యాసం ఇప్పుడే తీసేస్తా బావా. ఏదో సరదాకి...”

“వ్యాసం కాదు. నన్ను. మొత్తంలోంచి.”

పెట్టేశారు. తర్వాత నేను ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

ఆ ఆదివారం పొద్దున లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. కలువ వ్యాసం తీసేయడానికి అరనిమిషం పట్టింది. రెండు రోజులు చెమటోడ్చిన ఊగే పువ్వు కూడా దాంతోనే పోయింది. మిగిలిన నూట పదిహేడూ ఒక్కోటి తెరిచి, చదివి, బావ ఉన్నచోటల్లా తీయాలి. మొదటిది తెరిచాను. చేతుల మీద తువ్వాలు కప్పుతూ ఆయన. రెండోది తెరిచాను. తుమ్ముతూ ఆయన. మూడోది తెరవడానికి చెయ్యి రాలేదు. ఒక్కోచోట ఆయన్ని చూసి ఒక్కోచోటే గెంటడం నా వల్ల కాదనిపించింది. అందుకని చూడకుండా చేసే దారి ఎంచుకున్నాను. అన్ని వ్యాసాల్లోనూ ఒక మాటని వెతికి, దాని చోట ఇంకో మాట పెట్టమని కంప్యూటరుకి చెప్పొచ్చు. ‘బావ’ అని ఉన్నచోటల్లా ‘ఒకాయన’ అని పెట్టమన్నాను. మీట నొక్కాను. కన్ను మూసి తెరిచేలోగా పదమూడొందల చిల్లర చోట్ల మార్చానంది.

పదమూడొందలా! మా బావ అన్నిసార్లు వచ్చారా అని ఆశ్చర్యపోయాను. ఎంత పెంచి రాసినా అన్నిసార్లు రారే అని కొంచెం అనుమానపడి ఉండాల్సింది. పడలేదు. ‘తీసేశాను బావా’ అని మెసేజ్ పెట్టి స్నానానికి వెళ్ళాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

మూడు రోజుల తర్వాత అన్నాలవేళ మా ఆవిడ ఫోను పట్టుకుని వచ్చింది.

“ఏవండీ, మనింటి వెనకాల ఒకాయనిలో పూడిక తీయించామని రాశారు. ఎవరండీ ఆ పాపిష్టాయన?”

“ఏంటీ?”

“ఇదిగో. ‘ఒకాయనిలో నీళ్ళు తియ్యగా ఉంటాయి’ అంట. ఇంకా చూడండి, ‘మా ఆవిడ చేసిన గుత్తొంకాయ కూర ఒకాయనుంది.’ నా కూరలో ఎవడున్నాడు?” అంటూనే పేజీ జరిపింది. జరిపి ఆగింది. ఈసారి గొంతులో హాస్యం లేదు. “మా అమ్మ పోయినప్పుడు నేను ఒకాయనురుమన్నానని రాశారు.”

ఫోను లాక్కుని చూశాను. బావి, బావుంది, బావురుమంది. సంధులు విడదీసే మాస్టారికి తట్టని సంగతి ఏమిటంటే, తెలుగులో బావ ఒంటరిగా ఉండడు. బ, దీర్ఘం, వ అనే ఆ మూడు ముక్కలూ ఏ మాట కడుపులో ఉన్నా కంప్యూటరు వెతికి పట్టుకుంది. బావ తర్వాత కొమ్ము ఉందా, గుడి ఉందా, అది మనిషా, నుయ్యా అని దానికి పట్టలేదు. నరికి, అక్కడ ఒకాయన్ని పాతింది. హైవే మీద రొట్టెలు కాల్చే దాబావాడు ‘దాఒకాయనాడు’ అయ్యాడు. పిల్లలకి జ్వరం తగ్గితే ‘ఒకాయనుంది’. వాన వెలిశాక గాలి ‘ఒకాయనుంది’. ఇక మొదటి పేజీలో, బొటనవేలంత అక్షరాలతో, లోకం మొత్తాన్నీ పలకరిస్తూ:

‘ఒకాయనున్నారా?’

వెనక్కి తిప్పేద్దామంటే మార్చినదాన్ని దాని మీదే భద్రం చేసుకున్నాను. వేరే ప్రతి లేదు. ‘ఒకాయన’ని మళ్ళీ ‘బావ’ చేద్దామంటే, నిజంగానే ఒకాయన అని రాసిన చోట్లు కూడా ఉన్నాయి. బస్సులో కాలు తొక్కిన ఒకాయన, చీటీ పాటలో తుమ్మిన ఒకాయన, కోదాడ నుంచి వచ్చి దారి అడిగిన ఒకాయన, అందరూ మా అక్కకి మొగుళ్ళైపోతారు.

ఈలోగా ఎవరో పాఠకుడు ఉత్తరం రాశాడు. ‘మీ రచనల్లో ఈ మధ్య లోతు పెరిగిందండీ. కూరలో ఒకాయనున్నాడు, గాలిలో ఒకాయనున్నాడు, నీళ్ళలో ఒకాయనున్నాడు. ఆ ఒకాయన పరమాత్మేనా?’ అని. మామూలు రోజుల్లో అయితే అవునని ఒప్పేసుకుని ఒక వేదాంత వ్యాసం కూడా బాదేవాణ్ణి. ఆ రోజు లాప్‌టాప్ మూసేశాను.

రెండు వారాలు తెరవలేదు. పొద్దున లేవగానే రంగులు మార్చుకునే మనిషిని, దాని మీద వార్తాపత్రిక పరిచి చిక్కుడుకాయలు ఈనెలు తీశాను. ఒకటి రెండుసార్లు కొత్తగా ఏదన్నా రాద్దామని కూర్చున్నాను. ఏ సంగతి ముట్టుకున్నా, ఇది ఎవరు చెప్పారు నాకు, ఎందుకు చెప్పారు అని వేళ్ళు ఆగిపోయాయి. ఒక సంగతి మాత్రం అప్పుడే తెలిసింది. నాలుగేళ్ళుగా నేను చెప్పిన కొండంత అబద్ధాలు ఎవరికీ గీసుకోలేదు. వాటి అడుగున పెట్టిన ఆవగింజంత నిజమే దిగబడింది.

ఆ తర్వాత వచ్చిన శనివారం బడికి సెలవు పెట్టి నందిగామ బయల్దేరాను. పల్లెవెలుగు బస్సు. అది చిల్లకల్లు నుంచి నవాబుపేట వచ్చేలోగా నేను పదకొండు రకాల క్షమాపణలు తయారు చేసుకున్నాను. వాటిలో ఒకటి గ్రాంథికం. పక్క సీట్లో మిరపనారు బుట్ట పట్టుకున్న పెద్దావిడ నా పెదాలు కదలడం చూసి, “మొక్కుబడా నాయనా?” అంది. అలాంటిదేనన్నాను.

ముందు షాపుకి వెళ్ళాను. పదకొండు గంటలవేళ షట్టరు దించి ఉంది. ఆ షట్టరు పనిరోజు దించి ఉండగా నేను చూడటం అదే మొదలు. పక్కన జిరాక్సు తీసే ఆవిడని అడిగాను.

“సారు నాలుగు రోజుల్నించీ రావట్లేదండి. ఇంటికాడే ఉంటన్నారు. ఆయన మీద ఎవరో రాశారంటగా ఫోన్లో.”

“ఎవరంటారు?”

“ఎవరో మరి. చేతిలో పనిలేనోడు.”

“అవునండి” అన్నాను.

ఇల్లు రెండు సందుల అవతల. ఆ రెండు సందులూ నడవడానికి నాకు కాశీ వెళ్ళి వచ్చినంత సేపు పట్టింది. గుమ్మం ముందు నిలబడ్డాను. తయారు చేసుకున్న పదకొండిట్లో ఒక్కటీ గుర్తు రాలేదు. తలుపు ఓరగా తీసే ఉంది. లోపల అక్క గొంతు ఏదో చదువుతున్నట్టు వినిపిస్తోంది. ఏం అనాలో తోచక నిలబడినవాడి నోటి వెంట ముప్ఫై ఏళ్ళ అలవాటు దానంతటదే జారిపడింది.

“బావున్నారా?”

అక్క చదవడం ఆపేసింది. ఎప్పటి జవాబూ రాలేదు.   వెనక్కి తిరుగుదామా అనుకుంటుండగా లోపల్నుంచి బావ గొంతు:

“ఒకాయనున్నాడు. చెప్పులిప్పి రా.”

లోపల భోజనాల బల్ల మీద గిన్నెలు లేవు. కాగితాలు ఉన్నాయి. దిండంత కట్ట. నా సైటు మొత్తం అచ్చు తీసి పెట్టారు. అక్షరాలు ఒక్కోటి సున్నుండంత. పేజీకి ఐదారు వరసలు కూడా లేవు. బావ చేతిలో భూతద్దం, ఇంకో చేతిలో ఎర్ర పెన్ను. అక్క ఎదురుగా కూర్చుని పైకి చదువుతోంది.

“తప్పుల పుట్ట” అన్నారు బావ, నా వైపు చూడకుండానే. “మీ అక్క చదువుతంది, నేను గీస్తన్నా. షాపులో కూర్చుని ఈగలు తోలే బదులు ఇదొకటి.”

“ఏరా, మీ ఆవిడ కూరలో ఒకాయనున్నాడంటగా” అంది అక్క. నవ్వబోయి మానేసింది. “నీకు చెప్పడం, మైకులో చెప్పడం ఒకటేరా. అయినా ఈయనకేం, నాకు దాచి నీకా చెప్పేది?”

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. “తప్పైపోయింది బావా” అన్నాను. పెంచడానికి వీలు లేని వాక్యం అది. నేను జీవితంలో రాసినవాటిలో కెల్లా చిన్నది.

ఆయన భూతద్దం కింద పెట్టారు.

“తుమ్మితే కరెంటు పోయిందన్నావు. నేనేమన్నా అన్నానా?”

“లేదు బావా.”

“పావురాలు లేచిపొయ్యినయ్యన్నావు. లడ్లన్నావు. కొట్టుకో, ఎంతైనా కొట్టుకో. అబద్ధం నాదేం పట్టుకుపోద్ది? కళ్ళ సంగతి నిజం. అది నాది. నీకు చెప్పా. నువ్వు రాసుకుంటావని చెప్పలా.”

 అక్క లేచి మజ్జిగ తేవడానికి వెళ్ళింది. చేతులు ఏం చేసుకోవాలో తెలియక కాగితాలు ఒక్కోటి తిప్పాను. ‘ఒకాయనిలో నీళ్ళు’ చుట్టూ ఎర్ర సున్నా, పక్కన వణుకుతున్న గీతలతో ‘బావిలో’. ‘గుత్తొంకాయ కూర ఒకాయనుంది’ చుట్టూ సున్నా, పక్కన ‘బావుంది’. దాబావాడికి కూడా ప్రాణం పోశారు. మా ఆవిడ మళ్ళీ బావురుమంది. ఇంకా పేజీలు తిప్పాను. ‘ఒకాయన నా చేతుల మీద తువ్వాలు కప్పేవారు.’ సున్నా లేదు. ‘ఒకాయన తుమ్మారు, కరెంటు పోయింది.’ సున్నా లేదు. తిప్పుతూ పోయాను. బావి ఉన్నచోట దిద్దారు, బావుంది ఉన్నచోట దిద్దారు. ఆయన ఉన్నచోట ఒక్క గీతా లేదు.

“వీటిని గీయలేదేం బావా?”

“అయ్యి తప్పులు కాదుగా.”

అక్క మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

కట్టలో అన్నిటికన్నా పైన ఉండాల్సిన మొదటి పేజీ అడుగున దొరికింది. ‘ఒకాయనున్నారా?’ చుట్టూ ఎర్ర సున్నా ఉంది. పక్కన సరైన మాట రాయలేదు. ఒక ప్రశ్నార్థకం గుర్తు పెట్టి వదిలేశారు.

“దీన్నేం చెయ్యమంటారు?”

“అది ఎటూ తేల్లా. నువ్వు జనాన్ని కులాసా అడిగావా, నన్ను అడిగావా?”

నిజంగా ఆలోచించాను. “రెండూ” అన్నాను.

“అందుకే తేల్లా” అన్నారు బావ. “కన్ను చేయించుకున్నాక చూసి చెప్తా. పై నెల బెజవాడలో ఆపరేషను. శుక్లాలంట.”

“నేనూ వస్తా బావా.”

“వద్దు. ఆస్పత్రి మంచాలు అటూ ఇటూ ఊగినయ్యని రాస్తావు.”

వంటింట్లోంచి అక్క నవ్వింది. బావ నవ్వలేదు. పెన్ను మూత పెట్టి, కాగితాల కట్ట నా వైపు తోశారు. కిటికీ వైపు చూస్తూ, “సంచీ పట్టుకోడానికి ఎవరో ఒకాయన ఉంటే మంచిదేలే” అన్నారు.

ఆ కట్ట ఒళ్ళో పెట్టుకుని తిరుగు బస్సెక్కాను. పెనుగంచిప్రోలు తిరనాళ్ళకి వెళ్ళే బండి కూడా అంత బరువు మోసి ఉండదు. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు. అప్పటినుంచీ రోజూ సాయంత్రం బడి నుంచి వచ్చి, ఎర్ర సున్నా ఉన్నచోటల్లా ఒక్కోటి చేత్తో దిద్దుతున్నాను. మీట నొక్కి చేసే దారి ఇంకోటి ఉందేమోనని వెతకలేదు. ఇంటి వెనక బావి తిరిగొచ్చింది. కూర బావుంది. ఆయన ఉన్నచోట ‘ఒకాయన’ అలాగే ఉంచాను. మొదటి పేజీ జోలికి పోలేదు. ‘ఒకాయనున్నారా?’ అనే ఉంది. అప్పుడప్పుడు ఎవరో చదివి, ‘ఉన్నామండీ’ అని రాసి పోతున్నారు.

ఇది రాస్తున్నట్టు బావకి ముందే చెప్పాను. చదవకుండా సైటులో పెట్టొద్దన్నారు. సున్నుండంత అక్షరాల్లో అచ్చు తీసి పంపాను. దీర్ఘాలు ఒకటికి పదిసార్లు చూసుకునే పంపాను. నిన్న తిరిగొచ్చింది. రెండు వత్తులు దిద్దారు, ఒక కామా తీసేశారు. ఇందులో మొదటినుంచీ చివరిదాకా ఆయన్ని మా బావ అనే రాశాను. ఆ మాట మీద ఎక్కడా ఎర్రగీత లేదు.

ఉండనిచ్చారో, కనపళ్ళేదో. ఆపరేషనుకి ఇంకా నాలుగు రోజులుంది. నేను అడగలేదు.